ఒంటిచేతి వేపుడు

"కత్తి ఎక్కడ పెట్టావే?"

అక్క వంటింట్లోంచి అరిచింది. హాల్లో కుట్టుమిషను ముందు కూర్చున్న బుల్లి తల ఎత్తలేదు. సూదిలో దారం ఎప్పుడో ఎక్కింది. అయినా ఇంకా ఎక్కిస్తున్నట్టే కళ్ళు చికిలించుకుని కూర్చుంది.

"నిన్నేనే. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"డ్రాయరులో చూడక్కా."

"చూశాను. గరిటెలున్నాయి, చెంచాలున్నాయి, నీ అబద్ధాలున్నాయి. కత్తి లేదు."

బుల్లి లేచింది. కత్తులన్నీ తనే దాచింది. పాత తువ్వాలులో చుట్టి, బీరువాలో, జనం పొట్టి చెయ్యమని ఇచ్చిన ప్యాంట్ల కింద పెట్టింది. పక్షవాతం వచ్చిన అక్కని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అక్క అడగలేదు. అడగకపోవడం చూసి, మర్చిపోయిందనుకుంది బుల్లి.

మర్చిపోలేదు. అవసరం రాక ఊరుకుంది, అంతే.

ఆ అవసరం పోయిన ఆదివారం వచ్చిపడింది. అన్నయ్య వచ్చి, ఊరి చివర, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోములో ఒక మంచం ఖాళీ అయింది, అక్కని అక్కడ చేర్పిద్దాం అన్నాడు. అక్క ఎడంచేత్తో మంచినీళ్ళ గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా, "వచ్చే ఆదివారం భోజనానికి రారా" అంది. "నా అంతట నేను పొయ్యి మీద చేసి పెడతా. ఎవరూ ముట్టుకోకూడదు. కుదిరితే ఆ హోము పేరు ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు. కుదరకపోతే నా బట్టలు నేనే సర్దుకుంటా."

అన్నయ్య సరేనన్నాడు. వస్తానన్న ఆదివారం ఇదే. అన్నయ్య ఇంకా రాలేదు, కత్తి దగ్గరే గొడవ మొదలైంది.

బుల్లి తువ్వాలు మూట తెచ్చి గట్టు మీద పెట్టింది. అక్క మూటని చూసింది. తర్వాత బుల్లిని చూసింది.

"బీరువాలోనా?"

"ఊఁ."

"నన్ను నేను పొడుచుకుంటాననా, నిన్ను పొడుస్తాననా?"

"జారి కాలి మీద పడుతుందేమోనని."

"పడితే ఏం? ఆ కాలు ఎలాగూ నాది కాదుగా."

అక్క నవ్వింది. ఆమె నవ్వితే ఇప్పుడు మొహం సగమే కదులుతుంది. బుల్లి నవ్వలేదు.

*

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మెట్లెక్కి వచ్చినా సరే, ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు తలుపు బిగువు, కిటికీ గడియ, స్విచ్చి బోర్డు చూస్తాడు. ఈవేళ కూడా చూశాడు. వదినకి డ్యూటీ ఉందట, రాలేదు. చేతిలో గుడ్డసంచి ఉంది. అందులోంచి ఒక చెక్క తీసి అక్క ముందు పెట్టాడు.

చెక్కకి కిందినుంచి మేకులు కొట్టి ఉన్నాయి. మొనలు పైకి లేచి ఉన్నాయి. బంగాళాదుంపని వాటి మీద గుచ్చితే కదలదు, ఒంటిచేత్తో కోసుకోవచ్చు. అంచులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. కింద జారకుండా రబ్బరు ముక్కలు అంటించాడు.

అక్క చూపుడువేలితో మొనలు తాకి చూసింది.

"నువ్వే చేశావా?"

"ఊఁ."

"నన్ను పంపించేద్దామనుకునేవాడివి ఇదెందుకు చేశావురా?"

అన్నయ్య సంచి మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు.

"ఓడిపోతే సరైన పనిముట్టు లేక ఓడిపోయానంటావేమోనని" అన్నాడు చివరికి.

"అచ్చం నాన్న పోలికే" అంది అక్క.

తిట్టిందో మెచ్చుకుందో బుల్లికి అర్థం కాలేదు. అన్నయ్యకీ అర్థమైనట్టు లేదు.

"ఏం చేస్తున్నావు?" అని అడిగాడు.

"దుంపలు వేయిస్తున్నా."

"నూనెలోనా?"

"కాదు, నీళ్ళలో వేయిస్తారు. అడిగే ప్రశ్నేనా అది?"

"అక్కా, మరిగే నూనెతో ఆటలొద్దు. ఒక గుడ్డు ఉడకబెట్టు. చాలు, ఒప్పుకుంటాను."

"గుడ్డు కోడి పెట్టింది. అందులో నేను చేసిందేముంది?"

అన్నయ్య బుల్లి వైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. బుల్లి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదుటి మేడ మీద ఎవరో పరుపు దులుపుతున్నారు. దుమ్ము ఎండలో తేలుతోంది.

చెప్పి లాభం లేదని ఆమెకి తెలుసు. అమ్మ పోయాక ఈ ఇద్దర్నీ అక్కే పెంచింది. పొద్దున మిల్లు కాంటీనులో వందలమందికి వండి, సాయంత్రం ఇంటికొచ్చి వీళ్ళకి మళ్ళీ వండేది. ఎంత అలసిపోయినా ఆదివారం మాత్రం దుంపలు వేయించేది. బస్తాలకొద్దీ దుంపలు కోసిన ఆ కుడిచెయ్యి ఇప్పుడు ఎవరో ఇచ్చి దాచమన్న వస్తువులా ఆమె పక్కన వేలాడుతూ ఉంటుంది. దానికి చలి తెలియదు, వేడి తెలియదు. చీమ పాకినా తెలియదు.

"ఎలా కొయ్యమంటావు?" అంది అక్క.

"ఎలాగైనా సరే."

"ఎలాగైనా సరే అనేవాడు నా తమ్ముడే కాదు. ముక్క లావైందని కంచం తోసేసి, చాప కింద దూరి ఏడ్చినవాడివి. నీకు అగ్గిపుల్లల్లా ఉండాలి. నోట్లో వేస్తే కరకరమనాలి. నాన్నకేమో బొటనవేలంత లావుండాలి, లోపల మెత్తగా పిండిలా విరగాలి. మీ ఆవిడకి గుండ్రంగా, రేకుల్లా కావాలి. ఇదిగో, ఈ మహాతల్లికి తొక్క తియ్యకూడదు. పడవల్లా కొయ్యాలి."

"తొక్కలోనే రుచి ఉంది" అంది బుల్లి, అప్రయత్నంగా.

"తొక్కలో మట్టి ఉంది" అన్నాడు అన్నయ్య, అంతే అప్రయత్నంగా.

ముగ్గురూ ఒక్క క్షణం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చిన్నప్పటి దెబ్బలాట అది. ఎన్ని ఆదివారాలు సాగిందో లెక్కలేదు. ఆ క్షణంలో ఎవరో ఒకరు నవ్వేస్తే ఏమయ్యేదో. ఎవరూ నవ్వలేదు.

"వాడికి వాడి రకం, నీకు నీ రకం" అంది అక్క. "ఇద్దరూ గుమ్మం అవతల కూర్చోండి. గీత దాటారంటే ఊరుకోను."

*

రెండు కుర్చీలు గుమ్మం దగ్గర వేసుకుని కూర్చున్నారు, పరీక్ష పెట్టేవాళ్ళలా.

అక్క చేతికర్రని గట్టుకి ఆనించింది. కుడి తుంటిని గట్టుకి నొక్కిపెట్టి నిలదొక్కుకుంది. చచ్చుపడిన చెయ్యిని ఎడంచేత్తో ఎత్తి, గట్టు మీద, పొయ్యి పక్కన పెట్టింది. అలా పెట్టకపోతే దాని బరువుకి ఒళ్ళంతా అటు ఒరిగిపోతుంది.

మొదటి దుంప మేకుల మీద సరిగ్గా దిగలేదు. జారి, నేల మీద పడి, దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. అక్క కర్ర కోసం చెయ్యి చాపింది. బుల్లి కాలితో దుంపని మెల్లగా వెనక్కి తోసింది.

"ముట్టుకోవద్దన్నాను."

"ముట్టుకోలేదు. అదే వచ్చి నా కాలికి తగిలింది."

"నోరు ముయ్యి."

అక్క ఆ దుంపని పట్టించుకోలేదు. ఇంకోటి తీసింది. ఈసారి అరచేత్తో బలంగా అదిమింది. దుంప కూర్చుంది.

తొక్క తియ్యడానికి చాలాసేపు పట్టింది. ఒక వైపు గీకి, పెకలించి, తిప్పి గుచ్చి, మళ్ళీ గీకింది. తర్వాత ఒక పక్క చెక్కేసి చదును చేసింది. ఆ చదును మీద పడుకోబెట్టి పలకలు కోసింది. పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చబోతే జారిపోయాయి. పేర్చడం మానేసి ఒక్కొక్కటే కోసింది. మొదటి పుల్లలు వంకరగా వచ్చాయి. పోనుపోను సన్నబడ్డాయి. తర్వాత ఇంకో దుంపని తొక్కతోనే గుచ్చి పడవల్లా కోసింది. కాంటీనులో అక్క కుడిచెయ్యి ఎంత వేగంగా ఆడేదో చూసిన బుల్లికి, కత్తి ఆగి ఆగి చేసే ఆ చప్పుడు వినలేక లేచి పోవాలనిపించింది.

"ఎందుకు అంత కష్టపడ్డం?" గొణిగాడు అన్నయ్య. "అక్కడ వేళకి అన్నీ చేతికందిస్తారు."

"మెల్లగా అను, వింటుంది."

"వినాలనే అంటున్నా."

"విన్నాను" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే. "ఇక్కడ కాలు కడగాలన్నా ఒకరి మొహం చూడాలి. అక్కడ కూడా చూడాలి. తేడా ఏంటంటే, ఇక్కడి మొహం నాకు తెలుసు."

బుల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ చివర సూదిపోట్లు. నిద్ర సరిగ్గా లేక కళ్ళు మండుతున్నాయి. మార్కెట్టు వెనక బట్టల కార్ఖానా ఉంది. దాని యజమాని రెండుమూడుసార్లు కబురు పెట్టాడు, కటింగ్ మాస్టరుగా రమ్మని. ఆ పని కోసం బుల్లి ఎన్నేళ్ళో ఎదురుచూసింది. మా అక్క కుదుటపడ్డాక వస్తానని చెప్పి పంపింది. కుదుటపడడం అంటే ఏమిటో ఆయన అడగలేదు. తనకీ తెలియదు.

ముక్కలు చల్లటి నీళ్ళలో పడ్డాయి. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. అక్క నీళ్ళు వంపింది. మళ్ళీ పోసింది. తేటపడేదాకా అలాగే చేసింది. గుడ్డ పరిచి, ముక్కలు దాని మీద దులిపి, మడిచి తడి అద్దింది. తడి ముక్క నూనెలో పడితే చిందుతుంది, మొహం కాలుతుంది. ఆ మాట ఆమె చిన్నప్పుడు వీళ్ళిద్దరికీ ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు వీళ్ళు ఆమెకి చెప్పాలని నోటిదాకా తెచ్చుకుని ఆపుకున్నారు.

నూనె కాగింది. చెక్కగరిటె కాడ ముంచి చూసింది. చుట్టూ బుడగలు లేచాయి.

అన్నయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

ముక్కలు నూనెలోకి దిగాయి. సన్నగా చిటపటమని, మెల్లగా సర్దుకున్నాయి. మొదటి విడత రంగు రాకుండానే తీసేసింది. తీసి ఆరబెట్టింది. తర్వాత బుల్లి కోసం కోసినవి, తొక్కతో ఉన్న పడవలు వేసింది. అవి లావుగా ఉంటాయి కాబట్టి మంట తగ్గించి, ఎక్కువసేపు ఉంచింది. వాటినీ తీసింది. మంట పెంచి, చల్లారిన పుల్లల్ని మళ్ళీ వేసింది. రెండోసారి వేగుతుంటే చప్పుడు మారింది. లోపలి మెత్తని చప్పుడు పోయి, ఎండుటాకులు కదిలినట్టు గలగలమంది. ఆ చప్పుడు విని, చూడకుండానే అక్క జల్లెడగరిటె ముంచింది.

చేతికి బలం చాలలేదు. గరిటె వణికింది. మూకుడు ఒక అంగుళం అటు జరిగింది. అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"కూర్చో!"

కూర్చున్నాడు.

గరిటె పైకి వచ్చింది. బంగారు రంగు పుల్లలు గిన్నెలో పడ్డాయి. అక్క పైనుంచి ఉప్పు చల్లింది, వేడి మీదనే, ఎత్తునుంచి, ఎప్పటిలాగే. ఇల్లంతా వేపుడు వాసన కమ్ముకుంది.

పొయ్యి ఆపింది. గుండీ తిప్పి, మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంది. అన్నయ్య చూడాలనే తడిమింది.

"రండి. ఇప్పుడు ముట్టుకోవచ్చు."

*

అన్నయ్య మొదటి పుల్ల నోట్లో వేసుకున్నాడు. కరకరమంది. ఆ చప్పుడు బల్ల అవతల కూర్చున్న బుల్లికి కూడా వినిపించింది. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే తినడం మానేసి గుప్పెడు తీసుకున్నాడు. తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

"మా పనిలో ఒకటుంది" అన్నాడు, ఎటో చూస్తూ. "లిఫ్టు ఒకసారి పైకి వెళ్ళి కిందికి వచ్చిందని మనుషుల్ని ఎక్కనివ్వం."

"మాట తప్పుతావా?"

"అనలేదు."

"మరేమంటున్నావు?"

అన్నయ్య వేళ్ళకంటిన ఉప్పు దులుపుకున్నాడు. అక్క ఎడంచేతి పిడికిలి బల్ల మీద బిగుసుకుంది. బుల్లి తన పడవముక్కని రెండుగా విరిచింది. లోపల తెల్లగా పొగలు వచ్చాయి.

"ఏమీ అనను" అన్నాడు అన్నయ్య. "నువ్వే గెలిచావక్కా. మంచం వద్దని చెప్పేస్తాను."

ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గిన్నెలోంచి ఇంకో గుప్పెడు తీసుకున్నాడు.

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. సగం మొహం నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమెనంత హాయిగా చూడడం బుల్లికి ఇదే మొదలు.

"నుదుట చెమట తుడవవే" అంది.

బుల్లి తువ్వాలు తెచ్చింది. నుదురు తుడిచింది, మెడ తుడిచింది. ఒళ్ళో పడి ఉన్న కుడిచెయ్యి కూడా తుడుద్దామని ఎత్తింది.

చేతి వెనకభాగం అంతా కాలి ఉంది.

చర్మం తెల్లగా పైకి లేచి, ఒక పక్క ఊడి, కింద ఎర్రటి మాంసం కనిపిస్తోంది. మూకుడు అంచు ఎంత వెడల్పుందో అంత వెడల్పు, వేళ్ళ కణుపుల నుంచి మణికట్టు దాకా. మూకుడు జరిగినప్పుడు వెళ్ళి ఈ చేతికి ఆనుకుంది. పుల్లలు తీసి, ఉప్పు చల్లి, పొయ్యి ఆపేదాకా ఆనుకునే ఉంది. వాళ్ళిద్దరూ గుమ్మంలో కూర్చుని ఆమె వీపు చూస్తున్నారు. ఆమె నూనె చూస్తోంది. ఆ చెయ్యి ఎవరినీ పిలవలేదు.

బుల్లి కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏంటే?" అంది అక్క. కళ్ళు తెరిచి ముందు బుల్లి మొహం చూసింది. తర్వాత చెయ్యి చూసింది.

బాల్కనీలోంచి అన్నయ్య గొంతు వినిపిస్తోంది. అవతల ఎవరో ఆగమన్నట్టున్నారు, ఆగాడు.

"నాకు నొప్పి తెలియలేదు" అంది అక్క.

"తెలీదక్కా. అదే కదా."

బుల్లి పరుగెత్తి గిన్నెతో చన్నీళ్ళు తెచ్చింది. చెయ్యి అందులో పెట్టింది. మెత్తటి గుడ్డ తడిపి చుట్టింది. అక్క ఎవరి చేతికో కట్టు కడుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఇదేం లేదు. మానిపోతుంది" అంది బుల్లి గబగబా. "ఈసారి మూకుడు అటు పొయ్యి మీద పెడదాం. చేతికి లావుపాటి తొడుగు కుడతాను. మోచేతిదాకా. అన్నయ్యకి చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను. ఒట్టు."

"ఎందుకు చెప్పవు?"

"ఎందుకేంటి? నువ్వు గెలిచావు. వాడే ఒప్పుకున్నాడు. అయిపోయింది."

బుల్లి గుడ్డ అంచు సర్దింది. సర్దిన అంచునే మళ్ళీ సర్దింది. అక్క ఆమెనే చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడానికి బుల్లి చిందిన నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది.

అన్నయ్య ఫోను చేత్తో మూసిపట్టుకుని లోపలికి వచ్చాడు.

"లైన్లోనే ఉన్నారు. ఈ మంచం వదులుకుంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేమంటున్నారు. బయట చాలామంది కాచుకుని ఉన్నారట. ఇంట్లో చూసుకునేవాళ్ళని అడిగి ఖాయం చెయ్యమంటున్నారు." బుల్లి వైపు తిరిగాడు. "రోజూ దగ్గరుండి చూసేదానివి నువ్వు. చెప్పు. వద్దనమంటావా?"

"వద్దనే చెప్పు" అంది బుల్లి.

చాలా తొందరగా అంది. అన్నయ్య తలూపి ఫోను చెవి దగ్గర పెట్టుకోబోయాడు.

"ఇటివ్వు" అంది అక్క.

"నేను చెప్తాను కదక్కా."

"ఇవ్వరా."

ఎడంచేత్తో అందుకుంది. మాట ముద్దకట్టనివ్వకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, స్పష్టంగా మాట్లాడింది.

"ఆ మంచం ఎవరికీ ఇవ్వకండి. నాకే. రేపు వస్తున్నాను."

ఫోను బల్ల మీద పెట్టేసింది.

"అక్కా!" అన్నాడు అన్నయ్య. "ఇదేం తిరకాసు? ఇప్పుడే కదా నువ్వు..." తడిగుడ్డ అప్పుడు కనిపించింది అతనికి. వంగి గుడ్డ ఎత్తి చూశాడు. చూసి అలాగే కూలబడ్డాడు, కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోకుండా. "ఎప్పుడు? మేం ఇక్కడే ఉన్నాం కదా. ఇక్కడే కూర్చున్నాం కదా!"



"చెప్పనన్నాను కదక్కా" అంది బుల్లి. "ఎందుకలా అన్నావు? ఈ కాస్త కాలినందుకా? మానిపోతుందన్నానుగా!"

"చెయ్యి చూసి కాదే."

"మరి?"

"నీ మొహం చూసి."

"నా మొహానికేమైంది?"

అక్క గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బుల్లి తట్టుకునేది, ఎదురు తిరిగేది, రెండు మాటలు తనూ అనేది.

"చెయ్యి కాలడం చూశావు. ఇక నేను వెళ్ళక తప్పదని నీ మొహం ముందు హమ్మయ్య అంది. తర్వాతే బాధపడింది."

బుల్లి నోరు తెరిచింది. కాదు అనాలి. ఒక్క మాట. అక్క ఆ మాట కోసమే చూస్తోందని ఆమెకి తెలుసు. అబద్ధమైనా సరే, అంటే నమ్మడానికి సిద్ధంగా ఉందని కూడా తెలుసు.

అన్నయ్య ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

"ఏమే బుల్లీ, మాట్లాడవేం?"

గిన్నెలో పుల్లలు చల్లారి మెత్తబడుతున్నాయి. ఎదుటి మేడ మీద పరుపు దులిపే చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

బుల్లి తల దించుకుని తువ్వాలు మడతపెట్టింది.

అక్క కాసేపు చూసి, తలూపింది. ఎడంచేత్తో కర్ర అందుకుని, బరువుగా లేచింది.

"నా బట్టలు ఏ అరలో ఉన్నాయే?" అంది.